దారం కట్టిన మట్టి

రాప్తాడు,
జూన్ 2, 2024.

పూజ్యులైన తిప్పయ్య మామ సముఖమునకు,

విషయం: మేనల్లుడికి ఉద్యోగం వచ్చుట గురించి.
సూచిక: "వీడు ఎందుకూ పనికిరాడు" అని తమరు పోయిన ఉగాది నాడు పదిమందిలో సెలవిచ్చిన మాట.

ఇక్కడ నేను, నా కంప్యూటరు క్షేమం. అక్కడ నువ్వు, కదిరమ్మత్త, కొత్తగా వేసిన బోరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేద్దామంటే నీ ఫోను బోరు గుంతలో పడిందని అమ్మ చెప్పింది. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూద్దామని ఫోను లైటు వేసి వంగావట. నాలుగు వందల ఇరవై అడుగులు. మన జిల్లాలో అంత లోతుకు దిగిన మొదటి ఫోను అదే అయి ఉంటుంది. సరే, అత్త ఫోనుకు చేస్తే "రాసి పంపమను, నోటిమాటయితే మళ్లా లేదంటాడు" అని నువ్వు పక్కనుంచి అనడం నాకు స్పష్టంగా వినిపించింది. అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగం సంగతి. రాప్తాడులో హైవే పక్కన ఒక రైతు సంఘం వాళ్ల మట్టి పరీక్షల ల్యాబు ఉంది. రైతులు చేని మట్టి సంచిలో వేసి పంపితే అందులో సారమెంత, ఉప్పెంత, సున్నమెంత అని చూసి కాగితం మీద రాసిస్తారు. ఎమ్మెస్సీ చదివిన నేను అందులో సమాచార నిర్వహణ సహాయకుణ్ణి. పేరు పొడుగ్గా ఉందని భయపడకు. కుర్చీ మామూలుదే, ఒక చెయ్యి కూడా లేదు.

ల్యాబు పెద్ద ఇంద్రాణి మేడమ్. చేరిన రోజే నాకు పని చెప్పారు. ఇక్కడ నాగప్ప అని ఒక అటెండరు ఉన్నాడు. ధర్మవరం మనిషి, ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఏ మట్టి ఎవరిది, అది ఏ డబ్బాలో ఉంది, ఏ రిపోర్టు ఎక్కడ ఆగింది, అన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. వచ్చే ఏడాది ఆ తల రిటైరవుతుంది. ఈలోగా అందులో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించాలి.

నాగప్ప పద్ధతి చెబితే నవ్వుతావు. ఆయన అత్తగారింట్లో పట్టుచీరల మగ్గాలున్నాయి. మగ్గం దగ్గర మిగిలిపోయిన దారం ముక్కలు తెచ్చి ప్రతి మట్టికీ ఒకటి కడతాడు. రాయదుర్గం వైపు మట్టికి ఎరుపు, శింగనమల వైపుకు పసుపు, కదిరి వైపుకు పచ్చ. ఎన్నో సంచి అయితే అన్ని ముడులు. సంచి విప్పి మట్టి ఆరబోస్తే దారం కుప్ప మీదికి వస్తుంది. కుప్పను డబ్బాలో పోస్తే డబ్బాకు చుట్టుకుంటుంది. డబ్బాలోంచి చెంచాడు సీసాలో వేస్తే సీసా మెడలో వేలాడుతుంది. ల్యాబులో అడుగుపెడితే పరీక్షలు జరుగుతున్నట్టు ఉండదు, నలభై సీసాలకు సామూహిక వివాహం జరుగుతున్నట్టు ఉంటుంది.

ఈ కాలంలో ఇదేం పద్ధతి నాగప్పన్నా అని అడిగాను. ఆయన ముడి బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"కాలం ఏదైతే ఏమప్పా, ముడి ముడే గదా."

ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను. దారాలు పోవాలి, స్టిక్కర్లు రావాలి. ప్రతి సంచికీ నల్లగీతల స్టిక్కరు, దాని మీద ఎర్రలైటు వేస్తే తెర మీద రైతు పేరు.

నువ్వు చీనీ తోట (మా మేడమ్ భాషలో బత్తాయి) పెడుతున్నావని అమ్మ చెప్పింది. నా కొత్త పద్ధతిలో మొట్టమొదటి మట్టి నీదే కావాలి. కిలో మట్టి ఒక సంచిలో వేసి పంపు. ఒక్క సంచే చాలు, నా పట్టికలో ఒక రైతుకు ఒకే గడి ఉంది.

ఇట్లు,
తమరి మాటను అబద్ధం చేసిన మేనల్లుడు,
గిరి.


గుమ్మఘట్ట,
జూన్ 9.

చిరంజీవి గిరికి మీ మామ దీవించి రాసేది.

నీ జాబు అందినాది. మీ అత్తకు చదివి వినిపించినా. సీసాల పెండ్లి కాడ ఆపి, మళ్లా ఒకసారి చదివించుకున్యాది. నువ్వు ఎందుకూ పనికిరావని నేను అన్న మాట వాస్తవమే. ఇంకా వాపసు తీసుకోలేదు. ఆ కుర్చీలో ఏడాది కూర్చో, అప్పుడు చూస్తాం.

ఫోను సంగతి ఊరంతా చెప్పుకుంటాండారు. పడినాక మీ అత్త తన ఫోన్లోనుంచి కొట్టి చూసింది. మీరు పిలిచే మనిషి అందుబాటులో లేడు అని చెప్పినారంట. అది మాత్రం నిజమే. అయితే పోతా పోతా దాని లైటుకు అడుగున నీళ్లు మెరిసినాయి. నా కండ్లతో చూసినా. కాబట్టి ఆ ఫోను ఊరికే పోలేదు.

ఇంక నవ్వులాట చాలు. ఈ నాలుగెకరాల్లో శెనక్కాయ వేసీ వేసీ విసిగినా. వాన రాకపోతే ఎండిపాయ, వస్తే కుళ్లిపాయ. ఇది నాలుగో బోరు. ముందు మూడింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నీళ్లు పడిన ఈ బోరును నమ్ముకోని నాలుగెకరాలూ చీనీ పెట్టల్లనుకున్యా. నాలుగు వందల గుంతలు తవ్వించినా. ఎల్లకు అవతల కన్నడాయన నర్సరీలో మొక్కలు చెప్పినా. జులై పదహైదుకు లారీ వస్తాది.

చీనీ కాపుకు రావల్లంటే ఐదేండ్లు. ఐదేండ్లు బిడ్డను సాకినట్ల నీళ్లు పోసి, ఆరో ఏడు ఆకు పసుపుబారి చెట్టు ఎండిపోతే, మళ్లా మొదులుపెట్టే వయసు గాదు నాది. నాకిప్పుడు యాభై నాలుగు. పక్కచేను ఈశ్వరప్పకు అట్లనే అయినాది. అడుగున సున్నం ఉండాదని ఆయప్పకు చెట్లు చచ్చినాక తెలిసినాది. అందుకే నేను ముందే అడగతాండా. నీ కాగితం పెట్టమంటే పెడతా, వద్దంటే వద్దు. నా మాట ఇది.

మట్టి బస్సులో కండక్టరు చేతికి ఇచ్చి పంపుతాండా. రాళ్లు ఏరినా, జల్లెడ పట్టినా. నువ్వు కొత్తగా చేరిన చోటు, మన ఇంటి పరువు నిలబడల్ల గదా. సంచి గూడా కొత్తది, మీ అత్త కుట్టింది. మట్టి గురించి ఇంతకంటే ఏమీ అడగొద్దు.

మీ మామ,
తిప్పయ్య.


రాప్తాడు,
జూన్ 22.

మహారాజశ్రీ మామ సముఖమునకు,

విషయం: ల్యాబు చరిత్రలో నూతన అధ్యాయం గురించి.
సూచిక: తమరి మట్టి.

నీ సంచి చేరింది. అంచుకు రెండు వరసల కుట్టు, లోపల అస్తరు, మూతికి నాడా. మేడమ్ దాన్ని నా టిఫిన్ సంచి అనుకుని పక్కన పెట్టించారు. అత్తకు చెప్పు, ఇరవై ఆరేళ్లలో ఈ ల్యాబుకు ఇంత మర్యాదగల సంచి రాలేదని నాగప్ప అన్నాడు.

పోయిన శనివారం సంస్కరణ దినం. నలభై ఏడు సంచులకు నలభై ఏడు స్టిక్కర్లు అంటించాను. సంచులు విప్పి మట్టి ఆరబోయించాను. నాగప్ప అలవాటుకొద్దీ కట్టేసిన దారాలన్నీ ఏరించి, ఒక కవరులో వేసి, కవరు మీద "పురావస్తువులు" అని రాసి బీరువాలో పెట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని, నేను ముడి విప్పిన ప్రతిసారీ ఒకసారి కళ్లు మూసుకున్నాడు. నలభై ఏడుసార్లు. నేను లెక్కపెట్టాను.

ఆదివారం కొంచెం గాలి వచ్చింది. ఈ ఊరి గాలి సంగతి నీకు తెలిసిందే. దాని గురించి పెద్దగా రాయాల్సింది ఏమీ లేదు. అంతా సర్దుకుంది.

రిపోర్టు దీనితో జతచేశాను. మామా, ఇక్కణ్ణుంచి నవ్వించను. నీ మట్టిలో సారం తక్కువ. సున్నం మాత్రం చీనీ తట్టుకునేదానికి రెండింతలుంది. ఇందులో పెడితే నాలుగో ఏడు నుంచే ఆకు పసుపుబారుతుంది. ఈశ్వరప్ప తోట కథే. నర్సరీకి వద్దని చెప్పెయ్. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను, ఇది నాలుగోది.

నీ,
గిరి.


గుమ్మఘట్ట,
జూన్ 30.

చిరంజీవి గిరికి,

నీ కాగితం వచ్చినాది. చదివినాక ముందు నవ్వొచ్చినాది, మళ్లా భయమైనాది. ఎందుకనేది చెప్పను.

ఒక మాట అడగతా, ఎగతాళి చేయాకు. నీ కంప్యూటరు మట్టిని మాత్రమే చూస్తాదా, పంపినోని మనసు గూడా చూస్తాదా? ఎందుకంటే అది రాసింది నా చేను గురించే. అక్షరం పొల్లు పోలేదు. గుంతల అడుగున అక్కడక్కడ తెల్లగా కనబడతాంటే నాకు ముందునుంచే అనుమానం. అది సున్నం కాదులే అని నాకు నేనే చెప్పుకుంటాంటి. నీ మిషన్ కనిపెట్టేసింది. నేను పంపిన దాన్ని చూసి అది ఎట్ల కనిపెట్టిందో నాకు తెలీదు. కనిపెట్టింది, అంతే. నా పేరు చెప్పి దాని ముందర ఒక టెంకాయ కొట్టు.

ఈ ఊర్లో నేను ఎవురి మాటా విన్నోన్ని గాదు, మీ అత్తనడుగు. నీ మిషన్ మాట విన్యా. మీ అత్త ఫోన్లోనుంచి నర్సరీ ఆయనకు కొట్టి మొక్కలు వద్దని చెప్పినా. యాకప్పా, ఎందుకు వద్దు అన్నాడు. మా అల్లుని కంప్యూటరు వద్దన్యాదని చెప్పినా. ఆయప్ప తన చేని మట్టి గూడా దానికి చూపిస్తావా అని అడిగినాడు.

ఊర్లో గూడా చెప్పినా. మట్టి పంపితే ఉన్నది ఉన్నట్ల పంపండప్పా, రాప్తాడులో కండ్లుండే మిషన్ ఉండాది అని.

గుంతలు మాత్రం నోర్లు తెరుచుకోని ఉండాయి. పొద్దున లేచి వాటి నడాన తిరగతా. నిన్న ఈశ్వరప్ప గొర్రె ఒకటి గుంతలో పడితే దాన్ని తీసేదానికి నలుగురం పట్టినాం. మీ అత్త పూడ్చమంటాది. పార ఎత్తుకుంటా, మళ్లా పెట్టేస్తా. చేతులు రావడం లేదు.

మీ మామ,
తిప్పయ్య.


రాప్తాడు,
జులై 11.

మామకు,

ఈసారి విషయం, సూచిక రాయడం లేదు. అవి రాసే ముఖం కాదు నాది.

పోయిన ఉత్తరంలో ఒక గాలి గురించి రాశాను కదా. ఆ గాలి సంగతి మొత్తం చెబుతాను. స్టిక్కర్లు నేను సంచులకు అంటించాను, మట్టికి కాదు. సంచి విప్పి మట్టి ఆరబోశాక సంచి ఒక మూల, మట్టి ఒక మూల. మట్టికుప్పల మీద పేర్లున్న చీటీలు పెట్టాను, అదీ ఉత్త చీటీలు, బరువేమీ లేకుండా. కిటికీ వేయడం మరిచిపోయాను. సోమవారం పొద్దున వచ్చి చూస్తే చీటీలన్నీ గోడవార చేరి సమావేశం జరుపుకుంటున్నాయి. నలభై ఏడు కుప్పలు, నలభై ఏడు చీటీలు, వీటికి వాటికి ఏ చుట్టరికమూ లేదు.

బీరువా తీసి దారాల కవరు నాగప్ప ముందు పెట్టాను. ఆయన కవరులోకి చూసి, నా ముఖంలోకి చూశాడు.

"దారాలుండాయి సార్. ఏ దారం ఏ మట్టిదో చెప్పల్లంటే అది మట్టి మీద ఉండల్ల గదా."

అయినా కింద కూర్చున్నాడు. ఒక్కో కుప్పను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, కొన్నింటిని నాలుక చివర పెట్టి, ఇది ఫలానా ఊరు, ఇది ఫలానా ఆయన తెచ్చింది అని చెప్పుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి నలభై ఐదు తేలాయి. రెండు కుప్పలు మిగిలాయి, రెండు చీటీలు మిగిలాయి. ఒక కుప్ప నల్లగా, వెన్నలాగా ఉంది. ఇంకొకటి ఎర్రగా, గరగరలాడే గరప. చీటీల్లో ఒకటి శింగనమల రామదాసుది, రెండోది గుమ్మఘట్ట తిప్పయ్యది. నల్లదాన్ని నాగప్ప నలిపి చూసి, ఇది శింగనమల చెరువు ఒండ్రు, అనుమానమే లేదు అన్నాడు. ఇంక ఆలోచించేదేముంది? నల్లది శింగనమల మనిషికి, ఎర్రది నీకు రాసేశాను. మేడమ్‌కు చెప్పలేదు. అంతా సర్దుకుంది అని నీకు రాశాను.

నిన్న ఆ రామదాసు వచ్చాడు. రిపోర్టు నా బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగా నిలబడ్డాడు.

"నాది మిట్టచేను సార్. చెరువుకూ దానికీ మూడు మైళ్లు. ఆడ గరప తప్ప ఇంగేమీ లేదు. మీరేమో సారం పొంగిపోతాండాదని రాసినారు. అంత భూమి నాకుంటే, ఈడికి బస్సులో నిలబడి వస్తానా?"

కూర్చోమని కుర్చీ వేసి, నేను నిలబడ్డాను. ఎర్రది ఆయనదే. అంటే నల్లది నీది. నిన్న సాయంత్రమే మేడమ్ దగ్గరికి పోయి గాలి మొదలుకొని అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. పద్ధతులన్నీ కొత్తవి పెట్టావు, తప్పు దాచడం మాత్రం పాతదే పెట్టుకున్నావు అన్నారు. తిట్టి ఉంటేనే బాగుండేది.

ఇందులో ఎక్కువ నష్టపోయింది నాగప్ప. నల్లమట్టి గుమ్మఘట్టదని తేలేసరికి, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నువ్వు పొరబడ్డావు నాగప్పా అన్నారు మేడమ్, ఓదార్పుగానే. ఆయన ఒప్పుకోలేదు. "అది శింగనమల ఒండ్రే మేడమ్. గుమ్మఘట్టలో అది ఉండేదానికి లేదు" అని, క్యారియరు విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు. ఈ రోజూ తినలేదు.

నీ అసలు రిపోర్టు జతచేశాను. సారం పుష్కలం. సున్నం నామమాత్రం. చీనీ పెట్టుకోవచ్చు మామా. నర్సరీకి వెంటనే ఫోను చెయ్యి, లారీ దొరుకుతుందేమో. గుంతలు పూడ్చలేదు కదా? పూడ్చి ఉంటే చెప్పు, ఆదివారాలు వచ్చి నేనే తవ్వుతాను. నాలుగు వందలూ.

నీ తప్పుల మేనల్లుడు,
గిరి.


గుమ్మఘట్ట,
జులై 16.

గిరికి,

నీ జాబు చూసి నర్సరీకి ఫోను చేసినా. నిన్న లారీ వచ్చినాది. మొక్కలు దించుకున్యాం. నాలుగు వందలు, మోకాలెత్తు, నిగనిగలాడతాండాయి. మొదటి మొక్క నేనే చేతిలో పట్టుకోని మొదటి గుంత కాడ నిలబడినా. నువ్వు రాసిన కాగితం జేబులో ఉండాది. తీసి చూసినా. సారం పుష్కలం. గుంతలోకి చూసినా. అడుగున తెల్లగా ఉండాది. కాగితం చూసినా, గుంత చూసినా. కూలోళ్లు నా ముఖం చూస్తాండారు.

మొక్క కింద పెట్టేసి వచ్చినా. ఇప్పుడు నీకు చెప్పల్ల.

ఆ మట్టి నాది గాదు. మీ అత్త వాళ్ల అక్క మారెక్క శింగనమలలో ఉండాది గదా. వాళ్లు చెరువులో ఒండ్రు తవ్వి చేన్లోకి తోలుకున్యారు. అది చూస్తే నాకు కండ్లు నిలవలేదు. అందులోది ఒక సంచి తెప్పించి, జల్లెడ పట్టి నీకు పంపినా. మోసమని చేయలేదురా. పెండ్లిచూపులంటే పిల్లకు ఉండేదాంట్లో మంచి చీర కడతాం గదా, లేకపోతే పక్కింటోళ్లదన్నా అడిగి కడతాం. అట్లనే అనుకున్యా. నువ్వు కొత్తగా చేరినావు, చదువుకున్నోళ్ల నడాన మన చేను చిన్నబోకూడదు అనుకున్యా. పరీక్ష అంటే మార్కులు రావల్ల అనే తెలుసు నాకు.

నీ మొదటి కాగితం వచ్చినప్పుడు కంప్యూటరు నన్ను పట్టుకున్యాదని వణికినా. అది గాలి చేసిన పనని ఇప్పుడు తెలిసినాది.

చిన్నోనివి, మీ మేడమ్ ముందర నిలబడి తప్పు ఒప్పుకున్యావు. నేను మొక్క గుంతలో పెట్టేసి గమ్మునుండొచ్చు. నిజం బయటపడేదానికి ఐదేండ్లు పడతాది. అంతవరకూ ఎవురూ అడగరు. చేతకాలేదు నాకు.

ముందు ఆ నాగప్పకు చెప్పు. ఆయప్ప నాలుక తప్పు చెప్పలేదు. ఆయప్ప అన్నం తినింది నీ కండ్లతో చూసినాక నాకు జాబు రాయి. మొక్కలు పందిరి కింద నీడన పెట్టినాం. పదహైదు దినాల కంటే ఆగవు. ఏం చేయల్లో నువ్వే చెప్పు.

మీ మామ,
తిప్పయ్య.

గిరీ, నేను మీ అత్త కదిరమ్మను. ఆ మట్టి మోసింది నేను. రెండు బస్సులు మారి, ఒళ్లో పెట్టుకోని వచ్చినా. బెల్లమామ్మా అని పక్కనామె అడిగితే అవునని చెప్పి, కొంచెం పెట్టమంటాదేమోనని దావంతా నిద్రపోయినట్ల కండ్లు మూసుకున్యా. ఇది వద్దని మొదటి దినమే చెప్పినా, మీ మామ వినలేదు. నువ్వే రా. ఆ దారాలాయన్ని గూడా పిల్చుకోని రా. భోజనం ఈడనే.


రాప్తాడు,
జులై 27.

ఇటీవల నిజాయితీపరుడైన తిప్పయ్య మామ సముఖమునకు,

విషయం: తమరి చేను యొక్క నిజస్వరూపం.
సూచిక: అత్త వడ్డించిన రాగిసంగటి, చెనిగ్గింజల చట్నీ.

నీ ఉత్తరం నేను నాగప్పకు ల్యాబులో నిలబడి గట్టిగా చదివి వినిపించిన సంగతి పోయిన ఆదివారం మీ ఇంట్లోనే చెప్పాను. ఆయన చెప్పనివ్వని భాగం ఒకటుంది. చదవడం అయ్యాక ఆయన పోయి చేతులు కడుక్కుని క్యారియరు విప్పాడు. నాలుగు గిన్నెలూ ఖాళీ చేశాడు. మేడమ్ తన గదిలోంచి లేచి వచ్చి, ఎదురుగా కూర్చుని, తన డబ్బాలోని పెరుగన్నం ఆయన గిన్నెలో వేశారు. ఇరవై ఆరేళ్లలో అది కూడా మొదటిసారేనట.

ఇక అసలు సంగతి. తోటకు పరీక్షంటే ఒక్క సంచి మట్టి కాదు, లోతులో అడుగుకు ఒక సంచి అని మేడమ్ నాకు చేరిన వారమే చెప్పి ఉన్నారు. నా పట్టికలో ఒకే గడి ఉందని నేను చేనును గడికి సరిపెట్టాను. ఈసారి నీ గుంతలు మనకు మేలు చేశాయి. పది గుంతల్లో నాగప్ప దిగి, మూడు లోతుల్లో తీసిన ముప్పై సంచులూ చూశాం. బోరు వైపు పై రెండెకరాల్లో మూడడుగుల వరకూ సున్నం లేదు. సారం తక్కువే, కానీ పశువుల ఎరువుతో పెంచుకోవచ్చు. అక్కడ చీనీ పెట్టు. కింది రెండెకరాల్లో రెండో అడుగు నుంచే సున్నం. నువ్వు గుంతలో చూసిన తెలుపు అదే. అక్కడ చీనీ వద్దంటే వద్దు. రేగు గానీ సీతాఫలం గానీ తట్టుకుంటాయని మేడమ్ అన్నారు. బోరు నీళ్లు కూడా చూశాం. ఉప్పు తక్కువ, చెట్లకు పనికొస్తాయి. ఫోను ఆనవాళ్లేమీ కనపడలేదు.

ముప్పై సంచుల్లో ఏది ఏ గుంతదో ఎలా తెలిసిందని అడుగుతావేమో. కొత్త పద్ధతి పెట్టాం. ఇప్పుడు స్టిక్కరు సంచికి, దారం మట్టికి. మట్టి ఎక్కడికి పోతే దారం అక్కడికి పోవాలి. నా పట్టికలో దారం రంగు అని ఒక గడి, ముడులు అని ఒక గడి వచ్చాయి. ఒక రైతుకు ఎన్ని సంచులైతే అన్ని వరసలు. ఎర్రలైటు వేసే పని నాగప్ప తీసుకున్నాడు. ప్రతి సంచికీ లైటు వేసి, తెర మీద పేరు చూసి, చేతిలో దారం ముడులు లెక్కపెట్టి, రెండూ ఒకటైతే తల ఊపుతాడు. ఆయన తల ఊపనిదే మట్టి ముందుకు కదలదు. ముడులు వేయడం నాకు నేర్పుతున్నాడు. నా ముడి చూసి మొదటిరోజు "ఇది ముడి గాదు సార్, చిక్కు" అన్నాడు.

ఇవన్నీ చేసినా మనుషులు పక్కచేని మట్టి పంపితే ఏ పద్ధతీ పట్టుకోలేదు. దానికి విరుగుడు అత్త భోజనం వడ్డిస్తుండగా నాకు తట్టింది, మేడమ్ ఆమోదించారు. మట్టితో పాటు పంపే కాగితంలో అడుగున కొత్తగా ఒక గీత గీశాం: "ఈ మట్టి మా చేనిదే." దాని కింద రైతు సంతకం అక్కర్లేదు. ఇంటావిడ సంతకం కావాలి. అది లేని మట్టిని ల్యాబులోకి రానివ్వం. నిన్న ముగ్గురు రైతులు ఆ గీత చూసి, సంచి తీసుకుని, మళ్లీ వస్తామని వెళ్లిపోయారు.

ఇట్లు,
గిరి, సమాచార నిర్వహణ సహాయకుడు
(కుర్చీకి రెండు చేతులూ ఉన్నాయి. మేడమ్ మార్పించారు.)


గుమ్మఘట్ట,
ఆగస్టు 10.

చిరంజీవి గిరికి మీ మామ దీవించి రాసేది.

పై రెండెకరాల్లో రెండు వందల మొక్కలు నాటినాం. మరుసటి దినమే వాన పడినాది, గట్టి వాన. కింది గుంతలు రెండు వందలూ నేనే పూడ్చినా. ఈసారి చేతులు వచ్చినాయి. ఆడ రేగు పెడతా, తొందరేమీ లేదు.

మిగిలిన మొక్కలను నర్సరీ కన్నడాయన వాపసు తీసుకపోయినాడు. ఊరికే తీసుకపోలేదు. వాళ్ల చేని మట్టి ఆరు సంచులు నాకు అంటగట్టి పోయినాడు, నీ మిషన్‌కు చూపించల్లంట. కాగితం మీద వాళ్ల ఇంటామె కన్నడంలో సంతకం పెట్టింది. నేను చదవలేను గానీ, గట్టిగా ఒత్తి పెట్టింది చూడు, కాగితం అవతలికి దిగినాది. మట్టి నిజమైందే అయ్యుంటాది.

మొదటి మొక్కకు నాగప్ప ఇచ్చిపోయిన ఎర్రదారం కట్టినా. మీ అత్త చూసి, మొక్క తప్పిపోతాదా ఏమి, దానికెందుకు దారం అనింది. చెట్టు తప్పిపోదు, నేనే తప్పుతా, అందుకు కట్టినా అని చెప్పినా. ఇంకో ముడి తనే వేసింది.

పోయిన ఉగాదికి నేనన్న మాటలో సగం వాపసు తీసుకుంటాండా. మిగతా సగం చీనీ కాపుకొచ్చినాక. ఐదేండ్లు. అంతవరకు ఆ కుర్చీ వదలొద్దు.

మీ మామ,
తిప్పయ్య.

పైన రాసిందంతా నిజమే.
కదిరమ్మ (సంతకం)